దిబ్బ పక్కన బీకర్

శనివారం పదిన్నర బస్సుకు పట్నం వెళ్ళి కొడుక్కి వానబూట్లు కొనాలని బ్రయొనీ టకెట్ అనుకుంది. రెండేళ్ళ విల్ఫ్ ఆ పని సాగనివ్వలేదు. ముందురోజు సాయంత్రం షికారులో వాడి బీకర్ ఎక్కడో పడిపోయింది. చంటిపిల్లలు పాలు తాగే, మూతా ముక్కూ ఉన్న కప్పును ఇంగ్లండులోని ఆ విల్ట్‌షైర్ ఊళ్ళో అలాగే అంటారు. బుద్ధెరిగాక వాడు మరో దాంట్లో తాగిన పాపాన పోలేదు. ఇంట్లో ఉన్న కప్పులన్నీ వాడి ముందు పెడితే అన్నిటినీ వరసగా నేలమీదికి తోశాడు. నిన్నటి నుంచి బతిమాలి చెంచాతో పోసిన నీళ్ళు తప్ప వాడి గొంతు దిగినదేమీ లేదు. మధ్యాహ్నానికి కూడా తాగకపోతే డాక్టరు దగ్గరికి తీసుకురమ్మని నర్సు ఫోన్లో చెప్పింది.

భర్త ఓడ మీద ఉద్యోగి, ఇంకో నెలకు గాని రాడు. ఊరికి వచ్చి ఎనిమిది నెలలైనా బ్రయొనీకి తలుపు తట్టి అడిగేంత చనువు ఎవరితోనూ లేదు. అందుకని కొట్టు అద్దానికి ఒక చీటీ అంటించి వచ్చింది.

"హాబ్డే గారి పొలంలో, దిబ్బ పక్కన బీకర్ పడిపోయింది. పాతది. ఒక పిడి విరిగింది. ఇలాంటివి ఇప్పుడెవరూ చేయడం లేదు. దొరికినవారు కడగకుండా తెచ్చివ్వగలరు." సబ్బు వాసన మారినా విల్ఫ్ ముట్టడు, అందుకని ఆ చివరి మాట. కింద పేరూ, ఫోన్ నంబరూ రాసింది.

పేపరు కోసం కొట్టుకు వచ్చిన డెస్మండ్ పర్వీ దాన్ని మూడుసార్లు చదివారు. ఆయన రిటైరైన చరిత్ర మాస్టారు, ఊరి చరిత్ర సంఘానికి అధ్యక్షులు, బ్రహ్మచారి. నాలుగువేల ఏళ్ళ కిందట చనిపోయినవాళ్ళ పక్కన పాతిపెట్టిన మట్టి పాత్రలనూ బీకర్లనే అంటారు. ఆనాటి సమాధే అయిన ఆ దిబ్బ దగ్గర అలాంటిది ఒక్కటైనా బయటపడకపోతుందా అని ఆయన ముప్పై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నారు. ఈ కొత్తగా వచ్చిన అమ్మాయికి అది దొరకడమూ, పోగొట్టుకోవడమూ కూడా అయిపోయిందన్నమాట. కొట్లోంచే ఫోన్ చేశారు.

"లోపల ఏమైనా ఉందా అమ్మా?"

"ఉందండీ. ఈపాటికి గడ్డకట్టి ఉంటుంది. పాలే."

"పాలని మీకెలా తెలిసింది?"

"వాసన చూస్తే తెలీదాండీ?"

లండన్‌లో ప్రయోగశాలలు నెలల తరబడి తేల్చే సంగతి ఈ పిల్ల ముక్కుతో తేల్చేసింది. ఆయన అక్కడే బంగాళాదుంపల బస్తా మీద కూర్చుండిపోయారు.

గంటలో సంఘం సభ్యులు పదకొండుమందీ పొలానికి చేరారు. గోధుమ విత్తడానికి బయల్దేరిన హాబ్డే ట్రాక్టరును పర్వీ గట్టు మీదే అడ్డుకున్నారు. వాన రేపే వస్తుందని హాబ్డే ఎంత మొత్తుకున్నా వినలేదు. కౌంటీ కార్యాలయం నుంచి పురావస్తు అధికారిణి డాక్టర్ సెఫ్టన్ సెలవురోజని కూడా చూడకుండా కారేసుకుని వచ్చింది. గడ్డపార ఎవరూ ఎత్తకూడదు, కళ్ళతోనే వెతకాలి అంది. అందరూ వరస కట్టి మోకాళ్ళ మీద పాకడం మొదలుపెట్టారు.

ఇంతలో విల్ఫ్‌ను బండిలో తోసుకుంటూ తానూ మరోసారి వెతుకుదామని బ్రయొనీ అటే వచ్చింది. పొలమంతా పాకుతున్న మనుషులను చూసి ఆగిపోయింది. కౌంటీ నుంచి కూడా ఒకావిడ వచ్చిందని తెలిశాక కళ్ళు తుడుచుకుంటూ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చేతులు పట్టుకుంది. ఆమెకు కొంచెం తిక్క ఉన్నట్టుందని వాళ్ళనుకున్నారు.

కంచె కింద కుందేలు బొరియలో డాక్టర్ సెఫ్టన్ చేతికి ఏదో తగిలింది. మెల్లగా బయటికి తీసింది. ఆకుపచ్చ ప్లాస్టిక్ కప్పు. దాని మీద బాతు బొమ్మ, ఒకే పిడి.

పాకుతున్నవాళ్ళంతా లేచి మోకాళ్ళు దులుపుకున్నారు. బ్రయొనీ మాత్రం దాన్ని గుండెకు హత్తుకుని, సీసా నీళ్ళతో తొలిచి, ఎవరి ఫ్లాస్కు పక్కనో ఉన్న పాలు పోసి ఇచ్చింది. విల్ఫ్ రెండు చేతులా పట్టుకుని ఆపకుండా తాగాడు. పదకొండుమంది సభ్యులు, ఒక రైతు, ఒక అధికారిణి ఆ గుటకలు వింటూ నిలబడ్డారు.

"ఎనిమిది నెలల్లో ఈ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరండీ," అంది బ్రయొనీ పర్వీతో. "నా బిడ్డ కప్పు కోసం ఇంతమంది వస్తారని కల్లో కూడా అనుకోలేదు."

ఒక్క మాట తప్పుగా వాడినా ఊరుకోని మనిషి పర్వీ. బడిలో ముప్పై ఏళ్ళు అదే చేశారు. ఇప్పుడూ దిద్దబోయి నోరు తెరిచారు. పాల మూతి తుడుచుకోకుండా విల్ఫ్ ఆయన వంక చూస్తున్నాడు.

"పిల్లాడికి దాహమంటే చూస్తూ ఊరుకుంటామా, బ్రయొనీ," అన్నారు.

హాబ్డే ఏదో అనబోయాడు గాని డాక్టర్ సెఫ్టన్ అతని కాలు తొక్కింది. "అంతేగా మాస్టారూ," అని గొణిగి అతను ట్రాక్టరెక్కాడు.

మంగళవారం బ్రయొనీ సంఘంలో సభ్యురాలిగా చేరింది. అది పోయిన వస్తువులు వెతికిపెట్టే సంఘమని ఆమె నమ్మకం, కాదని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ తర్వాతి శనివారం పాదిరి గారి గొడుగు కోసం పన్నెండుమందీ వానలో అడవంతా గాలించారు.