నలభై మూడు అంగుళాల ద్రోహం

పొద్దున ఏడింటి బస్సుకు జనగామ వెళ్లి, టీవీ కొని, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలని ప్రతాప్ అనుకున్నాడు. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇంట్లో ఉన్న పాత టీవీకి నెల రోజులుగా కింది సగం బొమ్మ రావడం లేదు. వార్తలు చదివే అమ్మాయి మెడ దాకానే కనిపిస్తోంది. వంటల కార్యక్రమంలో వండే మనిషి మొహం తప్ప మూకుడు కనిపించదు.

"ఆమె ఏందో ఏసి మంచి వాసనొస్తుందని అంటది. ఏం ఏసిందో నాకెట్ల తెల్వాలె?" అని అతని భార్య అరుణ రోజూ సతాయిస్తోంది.

ప్రతాప్ తొందరపడే మనిషి కాదు. ఎడ్ల అంగట్లో పళ్లు చూసి, గిట్టలు చూసి, ఇంటికొచ్చి పడుకుని మళ్లీ వారం వెళ్లే రకం. కిటికీకీ తలుపుకూ మధ్య గోడను తాడుతో కొలిచి ముడి వేసి, ఆ తాడు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజే తరిగొప్పుల మండల ఆఫీసులో సర్పంచ్ అభ్యర్థులకు గుర్తులు ఇస్తున్నారు. అతని అన్న లస్మయ్య పోటీలో ఉన్నాడు. అన్నదమ్ములకు పొలం గట్టు మీద తగువొచ్చి ఆరేళ్లు మాటల్లేవు. మొన్న దసరాకు లస్మయ్య తనంతట తానే వచ్చి, అరుగు మీద కూర్చుని, చాయ్ తాగి వెళ్లాడు. ఓట్ల కోసం వచ్చాడని ఊరంతా అంది. ఎందుకొస్తేనేం, వచ్చాడు కదా అని ప్రతాప్ ఆ పూట చాటుగా కళ్లు తుడుచుకున్నాడు. అన్న మళ్లీ గడప తొక్కడం మానకూడదు, అతనికి కావలసింది అంతే.

"నువ్వు గూడ రారా తమ్మీ, గుర్తులిస్తరు" అని లస్మయ్య పిలిచాడు.

టీవీ సంగతి చెబితే అన్న వెంట వస్తాడు. అన్న వెంట ఇరవై మంది వస్తారు. ఇరవై మందీ తలా ఒక సైజు చెబుతారు. అందుకని "జనగామల చిన్న పనుందన్నా" అని ప్రతాప్ తప్పుకున్నాడు. ఆ చిన్న పని అన్న మాటే తరువాత వారం రోజులు అతన్ని పీక్కు తింది.

బస్సులో టీవీల గురించిన వీడియోలు చూసీ చూసీ, జనగామ చేరేసరికి ఫోన్ చచ్చిపోయింది. అబ్దుల్ వహాబ్ కొట్లో గోడ నిండా టీవీలు, అన్నిట్లోనూ రంగురంగుల చేపలు ఈదుతున్నాయి.

"అన్ని ఒక్కతీరే ఉన్నయి గదా భాయ్" అన్నాడు ప్రతాప్.

"చేపలు అన్నిట్ల మంచిగనే ఉంటయి అన్నా. మీరు ఇంట్ల ఏం చూస్తరో చెప్పు, గది పెడత" అన్నాడు వహాబ్.

వార్తలు పెట్టించాడు. వంట పెట్టించాడు, మూకుడు అడుగు దాకా కనిపించింది. షట్టర్ ఎత్తించి ఎండలో చూశాడు, దించి చీకట్లో చూశాడు. పక్కకు జరిగి, అరుణ వంటింటి గుమ్మంలో నిలబడితే ఎలా కనిపిస్తుందో అలా నిలబడి చూశాడు. పెద్దదాని మీద కాసేపు మనసు పడింది.

"మంచం నుంచి గోడకు ఎంత దూరం?" అని అడిగాడు వహాబ్.

"ఏడడుగులు."

"గట్లయితే నలభై మూడు చాలు. యాభై ఐదు కొంటే మీరు అరుగు మీదికెళ్లి కూసొని చూడాలె."

ప్రతాప్ తాడు తీసి టీవీకి అడ్డంగా పట్టాడు. అంగుళాలు మూల నుంచి మూలకు కొలుస్తారని వహాబ్ చెబితే, అడ్డం ఉండగా ఐమూలగా కొలిచే తెలివి ఎవడిదని వాదించాడు. చివరికి బిల్లు చేతికొచ్చేసరికి మధ్యాహ్నం ఒకటీ పది. భోజనం ముచ్చట అప్పటికే గంగలో కలిసింది.

ఇక కొట్లో ఒక ఆనవాయితీ ఉంది. పెద్ద టీవీ ఏది బయలుదేరినా డబ్బాకు బంతిపూల దండ వేసి, కొట్టు ప్రచారం చేసే ట్రాలీ ఆటోలోనే పంపుతారు. వహాబ్ బావమరిది యాసర్, నలభై ఏళ్ల నిదానస్తుడు, నమాజు చదువుకుని, అన్నం తిని, టీవీ బొమ్మ అచ్చేసిన డబ్బాను నిలువుగా కట్టి బండి తీశాడు. తీయగానే పైనున్న మైకు మొదలైంది. "ఈసారి టీవీనే! బాగా చూసి ఎంచుకోండి, మోసపోకండి! మనందరి టీవీ!"

"మైకు బందు చెయ్యి భాయ్" అన్నాడు ప్రతాప్.

"ఇంజనుకు, దానికి ఒకటే వైరు అన్నా. మైకు బందయితే బండి బందయితది."

ఊరు దగ్గర పడింది. పోటీలో ఉన్న శారద గుర్తు తెచ్చుకుని అప్పుడే తరిగొప్పుల నుంచి వచ్చింది. కరపత్రాలు ఇంకా అచ్చు కాలేదు, గుర్తును జనానికి ఎలా చూపించాలో తెలియక ఊరి మొదట్లో మనుషులతో నిలబడి ఉంది. ఆమెకు వచ్చిన గుర్తు టీవీ.

అలాంటి సమయంలో పూలదండ వేసుకున్న నిలువెత్తు టీవీ బొమ్మ, మైకుతో సహా, ఆమె ఎదురుగా వచ్చి ఆగింది. పక్కన కూర్చున్నది ప్రత్యర్థి సొంత తమ్ముడు.

శారద కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "సొంత అన్న నిలవడ్డా న్యాయం దిక్కు నిలవడ్డవా తమ్మీ" అంటూ అతని మెడలో కండువా వేసింది. డప్పులు మోగాయి.

"అక్కా, నాకేం తెల్వదు. మా టీవీ ఖరాబయింది, కొనుక్కచ్చిన, గంతే" అని ప్రతాప్ అరిచాడు. మైకు అంతకంటే గట్టిగా "మనందరి టీవీ" అంది. ఎవరో వీడియో తీశారు. ఆటో అతని ఇంటి ముందుకు చేరే లోపు అది ఊరి వాట్సాప్ గ్రూపులో తిరిగి లస్మయ్య ఫోన్‌కు చేరింది.

ప్రతాప్ కండువా తీసి ఆటోలో పడేసి అన్న ఇంటికి పరుగెత్తాడు. లస్మయ్య తనకొచ్చిన కత్తెర గుర్తు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"పదకొండు సార్లు ఫోన్ చేసిన. బందు పెట్టుకున్నవ్" అన్నాడు.

"చార్జింగ్ అయిపోయిందన్నా."

"చిన్న పనుందన్నవు."

"టీవీ కొనుడే ఆ పని. నీమీదొట్టు. గుర్తులు మూడు గంటలకు ఇచ్చిండ్రు గదా. గీ బిల్లు సూడు, ఒకటీ పదికే కొన్న. గప్పటికి ఆమెకు ఏం గుర్తొస్తదో ఎవలికి ఎరుక?"

లస్మయ్య బిల్లు మీది టైము చూశాడు. "అంటే రెండు గంటల ముందుగాలనే నీకు ఎరుకన్నట్టు" అన్నాడు. "మస్తు లోపటి మనిషివైనవు తమ్మీ. ఇగ పో."

నిరపరాధినని రుజువు చేసే కాగితమే ఉరితాడయింది. ప్రతాప్ ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. మరునాడు గోరుచుట్టు మీద రోకటిపోటులా ఎన్నికల అధికారి వచ్చాడు. ఇంటి ఎదురుగా ఉన్న బడిలోనే పోలింగ్ జరుగుతుంది కనుక, ఆ వారం దారికి టీవీ కనిపించకూడదన్నాడు. ప్రతాప్ కొత్త టీవీని గోడకు బిగించి, దానిమీద దుప్పటి కప్పాడు. దుప్పటి కప్పడంతో ఊరికి మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది.

"మనోళ్లేనా అడిగేది? ఎందుకు దాస్తున్నవని దవాఖానల నర్సమ్మ గూడ అడిగింది" అంది అరుణ. "మొన్న సగం బొమ్మన్న వచ్చేది."

ఆ వారం రోజులూ లస్మయ్య ఆ వీధికి రాలేదు. ఎదురుపడితే తల తిప్పుకున్నాడు. ఆరేళ్లు మాటల్లేకపోయినా అలవాటైంది గానీ, నెలన్నర మాటలుండి పోవడం ప్రతాప్‌కు తట్టుకోలేని బాధ అయింది. అన్నం సయించలేదు. పోలింగ్ నాడు ఓటు మాత్రం కత్తెరకే వేశాడు, అరుణ చేతా వేయించాడు. చెప్పుకుంటే నమ్మేవాడు లేడు.

లెక్కింపు అదే మధ్యాహ్నం. నాలుగింటికి డప్పులు మోగాయి. అవి ఇటే వస్తున్నాయని తెలిసి ప్రతాప్ తలుపు వేసుకోబోయాడు. గులాలు నిండిన మొహంతో లస్మయ్య తలుపు నెట్టి లోపలికొచ్చి తమ్ముణ్ణి గట్టిగా వాటేసుకున్నాడు.

"నలభై ఓట్లతోని గెలిచిన తమ్మీ. అంత నీ పుణ్యమే" అన్నాడు.

ఊరు వారం రోజులుగా లోపల్లోపల అనుకున్నది ఇదీ. టీవీ గుర్తొచ్చిన రోజే ఎవడైనా తనకు తాను టీవీ కొనుక్కుంటాడా? శారదే ఇచ్చింది. ప్రతాప్‌కు గోడంత టీవీ ఇచ్చి, మాకు చాయ్ పోసి పంపింది. నేనివ్వలేదని ఆమె ఇల్లిల్లూ తిరిగి మొత్తుకుంది, ఇచ్చినవాళ్లు ఇచ్చామని చెబుతారా అన్నారు. ఆమె సొంత వాడకట్టే అలిగి కత్తెరకు గుద్దింది.

"నాకు గూడ చెప్పకుంట ఎంత ఎత్తు ఏసినవురా. నేను తిట్టినా నోరు విప్పలే."

"అన్నా, నేను ఏ ఎత్తు ఎయ్యలే. పాత టీవీ ఖరాబయింది..."

"ఇంక గూడ గదే మాట" అని లస్మయ్య వెంట వచ్చినవాళ్ల వైపు తిరిగి గర్వంగా నవ్వాడు. "సూసిండ్రా, మనిషంటే గిట్లుండాలె."

నిజం చెప్పిన రోజు వెళ్లగొట్టినవాడు, అదే నిజానికి ఈరోజు మురిసిపోతున్నాడు. ప్రతాప్‌కు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కానీ అన్న చెయ్యి భుజం మీదే ఉంది. అరుణ చాయ్ తెస్తే అన్న కింద కూర్చుని తాగాడు కూడా. ప్రతాప్ ఇక కాదనడం మానుకున్నాడు.

"రేపు మండల ఎన్నికలల్ల గూడ నువ్వే సూసుకోవాలె తమ్మీ" అన్నాడు లస్మయ్య లేస్తూ. "ఎదుటోళ్లకు ఏ గుర్తొస్తే గది ఇంటికి పట్కరావాలె."

అరుణ ఖాళీ కప్పు అందుకుంటూ, "ఫ్రిజ్ గుర్తొస్తే జర ముందుగాల చెప్పున్రి బావా" అంది.