అరవై దాటినవారికి ముఖ్య గమనిక

ఓడ ప్రయాణం ఎలా జరిగిందని పొద్దుటి నుంచి ముగ్గురు అడిగారు. మీతో కలిపి నలుగురు. కూర్చోండి, చెబుతాను. నవ్వడం ఏదైనా ఉంటే చివర్లో నవ్వండి. మధ్యలో నవ్వితే నాకు రోషం వస్తుంది.

నాది జిరాక్సు, లామినేషన్ షాపని మీకు తెలుసు. ఊళ్లో ఎవరు పుట్టినా, చదివినా, పెళ్లి చేసుకున్నా ఆ కాగితం ఒకసారి నా చేతిలోంచి పోవాల్సిందే. మా ఆవిడ పెద్దాసుపత్రిలో విచారణల కౌంటర్లో కూర్చుంటుంది. ఏ సంగతైనా ఒక్క ఫోనుతో కనుక్కోవడం ఆవిడ ఉద్యోగం. ఆ విషయం నేను సమయానికి గుర్తుంచుకుని ఉంటే మీకు చెప్పడానికి కథే ఉండేది కాదు.

ఇరవై రెండేళ్ల కాపురంలో మేమిద్దరం కలిసి ఊరు దాటింది ఒక్కసారే. అదీ ఎవరి పెళ్లికో, బస్సులో, నలభై మంది మధ్య. ఆవిడ ముందు సీట్లో, నేను టైరు మీది సీట్లో. అందుకే ఒకరోజు ఆవిడ ఓడ ప్రయాణం కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి, "ఏడు రోజులు, మూడు దేశాలు, సముద్రం వైపు కిటికీ ఉన్న గది" అనేసరికి నాకు కళ్లు చెమర్చాయి. ఏడు రోజులు మేమిద్దరమే! పెళ్లినాడు కూడా నేను అంత ఆశపడలేదు.

"అమ్మని కూడా తీసుకెళ్తున్నాం" అంది.

చెమర్చిన కళ్లు అక్కడికక్కడే ఆరిపోయాయి.

మామగారు పోయాక, మూడేళ్లుగా మా అత్తగారు మా ఇంట్లోనే ఉంటున్నారు. హాల్లో కిటికీ పక్క కుర్చీ ఆవిడది. అందులోంచి లేవరు, గడప దాటరు, కానీ ఇల్లంతా అక్కణ్ణుంచే నడుపుతారు. నేను చొక్కా వేసుకుని బయటికొస్తే "ఇదా వేసుకున్నారు?" అంటారు. మార్చుకుని వస్తే "ఇందాకటిదే బాగుంది" అంటారు. ఆవిడంటే నాకు కోపం లేదు. కానీ ఆ ఏడు రోజులు మాత్రం నాకు కావాలి.

వద్దని నోటితో అంటే ఇంట్లో యుద్ధం. అందుకని ఆ పని కాగితానికి అప్పగించాను.

ఓడ వాళ్లు అడిగినవి మూడే: తిరిగొచ్చాక కూడా ఆర్నెల్లు చెల్లే పాస్‌పోర్టు, ఓడ ఆగే దేశాల వీసాలు, టికెట్టు. మా షాపు కంప్యూటర్లో ఆ మూడింటి కింద, అచ్చం అవే అక్షరాలతో, 'అరవై దాటినవారికి ముఖ్య గమనిక' అని శీర్షిక పెట్టాను. ఈత వచ్చినట్టు సర్టిఫికెట్టు. ఊగినా తల తిరగదని డాక్టరు పత్రం. అలల గురించి ఎవరికీ ఫిర్యాదు చేయనని నోటరీ ముందు ప్రమాణం. చివర్న ఓడ బొమ్మ కూడా పెట్టాను. చదువుకుంటే నాకే భయం వేసింది.

మా ఆవిడ చదివి నా వంక చూసింది. "ఈత సర్టిఫికెట్టా?"

"మరి? సముద్రం కదా."

"మీకు ఈత వచ్చా?"

"నాకు యాభై రెండే. అది అరవై దాటినవాళ్లకి."

"అంటే యాభై రెండేళ్లవాళ్లు మునిగినా పర్లేదా?"

"రూలు నేను రాశానా?" అన్నాను. రాసింది నేనే కాబట్టి ఆ మాట కాగితం మీది ఓడ బొమ్మకి చెప్పాను.

ఆవిడ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లిపోయింది. సాయంత్రం తిరిగొచ్చి, నన్ను ఒక్క మాటా అనకుండా దాన్ని హాల్లో గోడకి అంటించింది. ఇంత తేలిగ్గా నమ్మేసిందేమిటా అని నాకు కాస్త జాలి కూడా వేసింది.

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "చాలానే అడుగుతున్నారే, అల్లుడుగారూ."

"అవునండీ అత్తయ్యగారూ. ఈ వయసులో మీకెందుకీ శ్రమ? ఇంట్లో హాయిగా..."

"శ్రమేముంది, ఊరికే కూర్చునేదాన్నేగా" అని కుర్చీలోంచి లేచారు. లేచిన చప్పుడు కుర్చీకే కొత్తగా ఉన్నట్టుంది, కిర్రుమంది.

అయినా నాకు ధీమాగానే ఉంది. ఆవిడకి పాస్‌పోర్టే లేదు. పాస్‌పోర్టుకి పుట్టిన తేదీ కాగితం కావాలి, అది అంతకన్నా లేదు. పుట్టిన కాగితాలిచ్చే ఆఫీసు గుమాస్తా ఎవరికీ ఏదీ తొందరగా ఇవ్వడు. మేమంతా ఆయన్ని 'రేపురండిగారు' అనే పిలుస్తాం. అత్తగారు ఆయన బల్ల ముందు కూర్చుని, తాను పుట్టిన రోజు ఎంత వాన పడిందో, మంత్రసాని ఎంత ఆలస్యంగా వచ్చిందో వివరంగా చెప్పడం మొదలుపెట్టారట. మర్నాడు మంత్రసాని కుటుంబం సంగతి ఎత్తుకున్నారు. మూడోరోజు పొద్దున్నే ఆవిడ గుమ్మంలో కనిపించగానే, రేపురండిగారు కాగితం చేత్తో పట్టుకుని ఎదురొచ్చాడు. ఆయన సర్వీసులో అలా ఎదురు రావడం అదే మొదలట. దాంతో నెల తిరక్కుండా పాస్‌పోర్టు ఇంటికొచ్చింది.

అయినా ఈత ఉందిగా.

ఈత నేర్పే ఆయన్ని పిల్లలంతా 'బుడుంగు మాస్టారు' అంటారు. అరవై ఎనిమిదేళ్ల శిష్యురాలిని చూసి ఆయన మొదట నీళ్లలోంచి పైకి రాలేదు. వారం తిరిగేసరికి అత్తగారు రబ్బరు టోపీ పెట్టుకుని పొద్దున్నే బయల్దేరుతున్నారు. రెండో వారం నుంచి ఆకలి పెరిగింది. మూడో వారం నుంచి నా చొక్కాల గురించి మాట్లాడడం మానేశారు. నెలన్నరకి సర్టిఫికెట్టు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మాస్టారు నన్ను పోటీలకి పంపుతారట, అల్లుడుగారూ. వెళ్లమంటారా?"

"ఓడకి అది అక్కర్లేదండీ" అన్నాను నీరసంగా.

తల తిరగని పత్రానికి చెవి డాక్టరు దగ్గరికి తోడు వెళ్లాను. ఆయన ఆవిణ్ణి తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పాడు. ఆవిడ దిగి, తిన్నగా నడిచి వెళ్లి, "మీరేంటి బాబూ, నీరసంగా ఉన్నారు?" అని డాక్టర్నే పరామర్శించారు. చూసిన పాపానికి నేను గోడ పట్టుకుని బయటికొచ్చాను.

నోటరీ సంగతి చెప్పనే అక్కర్లేదు. 'సీలుసింహం' అని పేరుపడ్డ ఆ పెద్దాయన, అలల గురించి ప్రమాణం తన జన్మలో చేయించలేదని సంబరపడి, ఒకటి కొట్టాల్సిన చోట నాలుగు సీళ్లు కొట్టాడు.

ఇక లాభం లేదని నేను ఇంకో పేజీ పుట్టించాను.

"ఇవాళ మళ్లీ ఒకటి వచ్చింది" అన్నాను ఇంటికొచ్చి.

"రోజుకొకటి వస్తున్నాయేమిటండీ?" అంది మా ఆవిడ.

"సముద్రం కదా."

"సముద్రం రాస్తోందా ఇవన్నీ?"

నేను దగ్గి, పేజీ అంటించాను. ఓడ ఆగే ప్రతి దేశపు భాషలోనూ అరవై దాటినవారు 'నేను తప్పిపోయాను' అని స్పష్టంగా చెప్పగలగాలి. పరీక్ష ఉంటుంది.

అది నేను చేసిన తప్పుల్లోకెల్లా పెద్ద తప్పు. మర్నాటి నుంచి ఇంట్లో మూడు భాషల్లో తప్పిపోవడం మొదలైంది. వంటింట్లో తప్పిపోయారు. పెరట్లో తప్పిపోయారు. నేను స్నానం చేస్తుంటే తలుపు అవతల నిలబడి, ఏడుపు గొంతుతో ఒకటి, ధీమాగా ఒకటి, కోపంగా ఒకటి చెప్పి, "ఏది బాగుందండీ?" అని అడిగారు. పక్కింటి రిటైర్డు హెడ్‌మాస్టరు నిజంగానే ఎవరో తప్పిపోయారనుకుని మా ఇంటికి టార్చిలైటు పట్టుకొచ్చాడు. ఆఖరికి షాపులో జిరాక్సు తీస్తూ నేనే ఆ మాట మూడు భాషల్లో పాడుకుంటున్నాను.

ప్రయాణానికి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం పూట, అత్తగారు మొదటిసారి నా షాపుకి వచ్చారు. చేతిలో ఫైలు.

"అన్నీ లామినేషన్ చేసి పెట్టండి, అల్లుడుగారూ. సముద్రపు గాలికి కాగితాలు మెత్తబడతాయట."

నేను అబద్ధంగా అడిగిన ప్రతి కాగితాన్నీ నా చేతులతోనే, నా మెషీన్లోనే పెట్టాను. ఒక్కొక్కటే వేడివేడిగా, తళతళలాడుతూ బయటికొస్తుంటే నా ఏడు రోజులూ ఒక్కొక్కటిగా పోతున్నట్టే ఉంది. మనసు ఎక్కడో ఉంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. చివరి కాగితం అయ్యాక చూస్తే బల్ల మీద, జిరాక్సు తీద్దామని తెచ్చిన నా పాస్‌పోర్టు ఉంది. సముద్రపు గాలి మాట చెవిలో ఉంది. మెషీను వేడిగా ఉంది. పుస్తకం మొత్తం పట్టదు కాబట్టి, ఫొటో ఉన్న పేజీ ఒక్కటి రోలర్ల మధ్యకి పంపి, జాగ్రత్తగా వెనక్కి లాగాను. అంత నున్నగా నేను ఏ కస్టమరుకీ చేసి ఇవ్వలేదు.

మా ఆవిడ పాస్‌పోర్టు కూడా అడిగాను. "నాది ముట్టుకున్నారంటే ఊరుకోను" అంది. చాదస్తం అనుకున్నాను.

రేవులో కౌంటరు దగ్గర ముందు మా ఆవిడ వెళ్లింది. టక్కున ముద్ర పడింది. తర్వాత అత్తగారు. ఆవిడ ఫైలు తీసి ఈత సర్టిఫికెట్టు చూపిస్తే, "ఇదెవరడిగారమ్మా?" అంటారు, నా పరువు ఓడ ఎక్కకముందే మునుగుతుంది. కానీ ఆవిడ పాస్‌పోర్టూ టికెట్టూ మాత్రం ఇచ్చారు. ముద్ర పడింది.

"ఫైలు చూపించరా?" అన్నాను ఆపుకోలేక.

"వాళ్లు అడగలేదుగా" అన్నారు చల్లగా.

ఏదో తేడాగా ఉందే అనుకునేలోపు నా వంతు వచ్చింది. కౌంటర్లో కుర్రదానిలా ఉన్న ఆఫీసరమ్మ నా పాస్‌పోర్టుని యంత్రం మీద పెట్టింది. యంత్రం కుయ్‌మంది. తుడిచి పెట్టింది. మళ్లీ కుయ్‌మంది. పేజీ మీద వేలు రాసింది. వేలు జారిపోయింది.

"ఏంటి సార్ ఇది?"

"లామినేషన్ అండీ" అన్నాను గర్వంగా. "నీళ్లలో వేసినా చెక్కు చెదరదు."

"ఎవరు చేశారు?"

"నేనే!"

ఆవిడ పై ఆఫీసర్ని పిలిచింది. ఆయన పేజీని వెలుగుకి పెట్టి చూశాడు, వంచి చూశాడు. "పాస్‌పోర్టుని మార్చినట్టే లెక్క సార్. ఇది చెల్లదు. కొత్తది తీసుకోవాల్సిందే" అన్నాడు. ఇంకాసేపు చూసి, "పని మాత్రం నీటుగా ఉంది" అన్నాడు.

మీరు నవ్వనంటే చెబుతాను, నాకు ఏడుపొచ్చింది. పక్కకి వచ్చి, పెట్టె మీద కూర్చుని, గోడ మీద కాగితాల దగ్గర్నుంచి అన్నీ మా ఆవిడకి ఒప్పేసుకున్నాను.

"తెలుసు" అంది.

"ఎప్పటి నుంచి?"

"మీరు చూపించిన రోజే ఓడ వాళ్లకి ఫోన్ చేశాను. ఈత సర్టిఫికెట్టంటే ఫోన్లో వాళ్లు పది నిమిషాలు నవ్వారు. సాయంత్రమే అమ్మకి చెప్పేశాను."

"మరి ఆపలేదేం?"

ఆవిడ వాళ్లమ్మ వైపు చూపించింది. "మూడేళ్ల తర్వాత అమ్మ ఆ కుర్చీలోంచి లేచిందండీ. మీరు రోజుకొకటి అడుగుతుంటే, నేనెందుకు ఆపుతాను?"

నేను అత్తగారి వంక చూశాను. ఆవిడ ఎండలో నిటారుగా నిలబడి, రేవులో ఎవరికో దారి చూపిస్తున్నారు. మూడు నెలల క్రితం కిటికీ పక్కన చూసిన మనిషి కాదు. సిగ్గుతో పాటు, ఎందుకో నాకు సంతోషం కూడా వేసింది.

"అయినా ఇదంతా దేనికండీ?" అన్నారు అత్తగారు దగ్గరికొచ్చి. "నాది వేరే గది. కింది అంతస్తు. మీ గురక ఇంట్లో గోడ అవతల నుంచి వింటున్నది చాలక, సముద్రంలో కూడానా?"

వేరే గది! మొదటి రోజు నుంచీ వేరే గది!

ఓడ కూత వేసింది. మా ఆవిడ నా వంక చూసింది. "వెళ్లనా?"

"వెళ్లు. ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నావు" అన్నాను త్యాగమూర్తిలా. మీరు లేకుండా ఎలా వెళ్తాను అంటుందని ఒక్క క్షణం తలొంచుకుని ఆగాను. తలెత్తేసరికి ఆవిడ పెట్టె చక్రాలు ఓడెక్కే వంతెన మీద గడగడలాడుతున్నాయి. వెనకే అత్తగారు. మళ్లీ రెండడుగులు వెనక్కి వచ్చి, మా ఆవిడ పట్టుకోమని ఇచ్చిన కిటికీ గది తాళం నా చేతిలోంచి తీసుకుని వెళ్లారు.

మర్నాడు పొద్దున్న షాపు తెరుస్తుంటే ఫోన్ వచ్చింది. గాలి హోరు, వెనక అలలు.

"ఎలా ఉందే?" అన్నాను.

"చెప్పలేనండీ. ఎటు చూసినా నీళ్లే. ఇంతకీ ఒక్కటి అడుగుతాను. అమ్మ రాకూడదని అంత పట్టుదల ఎందుకు మీకు?"

షాపులో ఎవరూ లేరు. షట్టరు సగమే ఎత్తాను. "అత్తయ్యగారి మీద కోపమేం లేదే. ఇరవై రెండేళ్లయింది, నీతో తీరిగ్గా ఒక్క రోజు కూర్చోలేదు. నీ పక్కన కూర్చుని సముద్రం చూడాలనిపించింది. అంతే."

"ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది కదండీ" అంది మెల్లగా. "దీనికి కాగితాలెందుకు?"

"సరే, ఇప్పుడు చెప్పానుగా. నువ్వంటే నాకు..." గొంతు తగ్గించాను. ఇరవై రెండేళ్లలో అనని మాట అది. అనేశాను.

"అయ్యో, ఫోన్ స్పీకర్లో ఉందండీ!"

"కాస్త గట్టిగా చెప్పండి, అల్లుడుగారూ" అన్నారు అత్తగారు. "ఇక్కడ గాలెక్కువ. మా బల్ల దగ్గర వాళ్లెవరికీ సరిగ్గా వినబడలేదు."