స్లొబోగ్ చొక్కా

కళలకు పట్టే జబ్బు ఒక్కటే, చరిత్ర. అది వదిలితే కళ తేలికపడుతుంది, తేలికపడితే ఎగుమతవుతుంది. ఈ సత్యాన్ని కనిపెట్టింది జావా దీవిలో, సోలో పట్టణంలోని కళాభార నివారణ కార్యాలయం. (కనిపెట్టిన అలసటకు రెండు రోజులు సెలవు కూడా తీసుకుంది.)

వాగిరా అవ్వకు ఇవేవీ తెలియవు. తెలిసిందల్లా వేడి మైనం, చిన్న రాగి గొట్టం, గుడ్డ మీద చుక్క రాలకుండా ఊపిరి బిగబట్టడం. డెబ్బై ఎనిమిదో ఏట నాలుగు నెలలు కూర్చుని తనకోసం ఒక స్లొబోగ్ నమూనా బాతిక్ అద్దకం గుడ్డ గీసుకుంది. స్లొబోగ్ అంటే వదులు. పోయినవాళ్లకు దారి ఇరుకు కాకుండా వదులుగా ఉండాలని వాళ్ల మీద కప్పే గుడ్డ అది.

ఆ గుడ్డను కార్యాలయం గుమాస్తా బగాస్ ప్రదర్శనకని రెండు రోజులకు అడిగి పట్టుకెళ్లాడు. రెండు నెలలైంది. ఈలోగా అవ్వకు దగ్గు పట్టుకుంది. ఇక లాభం లేదని కార్యాలయానికే వెళ్లింది.

"నాయనా, నా గుడ్డ నాకిచ్చెయ్యి. దాంతో పని పడేలా ఉంది."

"ఏం పనో ఫారంలో రాయాలవ్వా. దిండు గలీబా, ఫోను సంచా, కిటికీ తెరా?"

"చచ్చాక కప్పుకోడానికిరా."

"ఆ గడి లేదవ్వా. అది చరిత్ర కిందికొస్తుంది. ఇంతకీ పేరుకు అర్థమేంటి?"

"వదులు."

బగాస్ మొహం వెలిగిపోయింది. "వదులా! ముందే చెప్పొద్దూ!"

పధ్నాలుగో నిబంధన ప్రకారం, పాత అర్థమున్న ప్రతి నమూనాకూ మూడు రోజుల్లో కొత్త అర్థం తొడగాలి, ఆకుపచ్చ సిరాతో. బగాస్ తొడిగాడు: 'వదులు. ఒంటికి హాయి. శుక్రవారం ఉద్యోగులకు తగినది.'

ఆ శుక్రవారమే నలభై మంది ఉద్యోగులు స్లొబోగ్ చొక్కాలు తొడుక్కుని ఊరేగింపుగా అవ్వ వీధిలోకి వచ్చారు. ముందు హెందార్తో అనే డైరెక్టరు నవ్వుతూ చేతులూపుతున్నాడు.

టీకొట్టు సుమర్నీ గబుక్కున రేడియో కట్టేసింది. మగవాళ్లు నల్లటోపీలు పెట్టుకున్నారు. ఆడవాళ్లు చావింట్లో ఇచ్చే బియ్యం బేసిన్లలో పట్టుకొచ్చారు.

"ఎవరు పోయారే?"

"ఆఫీసు మొత్తం పోయినట్టుంది. ఎవరి గుడ్డ వాళ్లే కప్పుకొచ్చారు, పాపం."

సుమర్నీ కళ్లొత్తుకుంటూ డైరెక్టరు దగ్గరికి వెళ్లింది. "బయల్దేరేది ఎన్నింటికండీ, డైరెక్టరుగారూ?"

"పదింటికమ్మా! ముందు నేను, ఆ తర్వాత హోదా వరసన అందరూ. మీరూ రావాలి."

"మేం ఇప్పుడే రాములెండి. నిదానంగా వస్తాం."

(ప్రజాస్పందన అని నివేదికలో ఇలా ఉంది: బియ్యం నలభై రెండు కిలోలు, కన్నీళ్లు నిజమైనవి.)

అవ్వ గుంపును తోసుకుని డైరెక్టరు ముందుకొచ్చింది. "బాబూ, నా గుడ్డ సంగతేంటి?"

"అది అద్దాల పెట్టెలో ఉందవ్వా, ఇక బయటికి రాదు. ఈ నమూనాకు మూలం మీరే కాబట్టి ఇదిగో, మీకూ ఒక చొక్కా. ఉచితం!"

అవ్వ చొక్కా అందుకుంది. అక్కడే అరుగు మీద వెల్లకిలా పడుకుని, చొక్కా మీద కప్పుకుని చూసుకుంది. మెడ నుంచి నడుము దాకా వచ్చింది.

మిగతా సగానికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలని బగాస్ చాలా మర్యాదగా చెప్పాడు.