మా ఇంట్లో గోధుమ నిషేధం

నవ్వనని మాటిస్తే చెబుతాను. నవ్వినా చెబుతాననుకోండి, ఎందుకంటే ఇంట్లో చెప్పుకునే దారి మూసుకుపోయింది.

రెండు నెలల క్రితం ఒక ఆదివారం మా ఆవిడ వంటింటి అలమర తెరిచింది. బ్రెడ్డు, బిస్కట్లు, నూడుల్సు, గోధుమపిండి డబ్బా అన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది పక్కింటివాళ్లకి ఇచ్చేసి వచ్చింది. చేతులు దులుపుకుంటూ, "ఇవాళ్టి నుంచి మనింట్లో గ్లూటెన్ ఉండదు," అని ప్రకటించింది.

అలాంటిదొకటి అంతవరకూ మా ఇంట్లో ఉందని కూడా నాకు తెలీదు.

"అదేం చేసింది నిన్ను?"

"గోధుమలో ఉండే జిగురండీ అది. నా కడుపునొప్పికి అదే కారణమేమోనని అనుమానం."

"అనుమానం నీది. శిక్ష నాకెందుకు?"

"పూటకి రెండు వంటలు నేను చెయ్యలేను. మీరు చేస్తారా?"

ఇలాంటి ప్రశ్న ఎదురైనప్పుడు పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకోవాలని పెళ్లయిన మొదటి ఏడాదే నేర్చుకున్నాను.

మా ఆవిడ హైస్కూల్లో సైన్సు టీచరు. ఏ సంగతైనా నోటుపుస్తకంలో గీతలు గీసి, తేదీ వేసి మరీ రాస్తుంది. నేను లిఫ్టు మెకానిక్‌ని. రోజంతా గ్రీజుతో, తీగలతో కుస్తీపట్టి ఇంటికొచ్చినవాడికి రెండు బ్రెడ్డు ముక్కలు, వాటి మీద వేలెడు మందాన వెన్న లేకపోతే ఇక బతికి ఏం లాభం? ఆవిడ బియ్యప్పిండి, మొక్కజొన్నపిండి కలిపి ఒక బ్రెడ్డు కాల్చింది. దాన్ని కొయ్యడానికి నా సంచీలోంచి రంపం తెమ్మంటావా అని మర్యాదగానే అడిగాను. ఆ పూట నా కంచంలో ఇంకో రెండు ముక్కలు ఎక్కువ వేసింది.

మరి నేనేం చెయ్యాలి, మీరే చెప్పండి. పెద్ద భవనాల్లో లిఫ్టుకి సంబంధించి అన్నిటికన్నా పైన యంత్రాల గది ఒకటుంటుంది. దాని తాళం నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. మంగళవారం, శుక్రవారం నేను తనిఖీకి వెళ్లే భవనం కింద ఒక బేకరీ ఉంది. నాలుగు బన్నులు కొనుక్కుని, పైకి పోయి, తలుపు గడియపెట్టుకుని, మోటారు పక్కన నిలబడి రెండు నిమిషాల్లో మింగేసేవాణ్ణి. సాయంత్రానికి పొట్ట డోలులా ఉబ్బేది.

"కడుపుబ్బరంగా ఉందా?" అని అడిగేది మా ఆవిడ.

"ఉండదా మరి? అంతా నీ బియ్యప్పిండి చలవ."

ఆవిడ పుస్తకంలో ఏదో రాసుకునేది. తప్పు తెలుసుకుని బాధపడుతోంది కాబోలని జాలిపడేవాణ్ణి.

నలభై రోజులకి నా ఓపిక అడుగంటింది. ఒక పథకం వేశాను. ఆ భవనంలోనే మూడో అంతస్తులో ఒక డాక్టరుగారి క్లినిక్ ఉంది. అందరూ ఆయన్ని ఊహూఁ డాక్టరంటారు. ఆయన దేన్నీ ఒక పట్టాన నమ్మడు. జ్వరమంటే ఊహూఁ అని థర్మామీటరు పెడతాడు. అది కూడా జ్వరమే అంటే ఊహూఁ అని రెండో థర్మామీటరు తీస్తాడు. అలాంటి మనిషి కంటికి కనపడని గ్లూటెన్‌ని నమ్ముతాడా? లిఫ్టు చూసే నెపంతో ముందుగా నేనే వెళ్లి కలిశాను.

"డాక్టరుగారూ, రేపు మా ఆవిణ్ణి తీసుకొస్తాను. గ్లూటెన్ పిచ్చి పట్టుకుంది. మీ నోటితో ఒక్క ఊహూఁ అంటే నా కొంప నిలబడుతుంది."

"నువ్వు అనమంటే నేనంటానా? ఊహూఁ," అన్నాడాయన.

నాకు ఆ ఊహూఁ చాలు. ఈల వేసుకుంటూ మెట్లు దిగాను.

మర్నాడు ఇద్దరం ఆయన ముందు కూర్చున్నాం. డాక్టరు కళ్లజోడు పైనుంచి మా ఆవిణ్ణి చూశాడు.

"గోధుమ మానెయ్యమని ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదండీ. నేనే మానేసి చూద్దామనుకున్నాను."

"ఊహూఁ. ఈ మధ్య అందరికీ ఇదే వరస. ఫోనులో ఏదో చూడటం, వంటిల్లు ఖాళీ చెయ్యడం."

నేను కుర్చీలో హాయిగా వెనక్కి వాలాను.

"మూడేళ్లుగా నొప్పండీ," అంది మా ఆవిడ. "పాఠం చెబుతూ చెబుతూ బల్ల పట్టుకుని నిలబడిపోయేదాన్ని. ఇద్దరు డాక్టర్లు చూసి, ఏమీ లేదు, ఎక్కువ ఆలోచించకండి అన్నారు. గోధుమ మానేసిన పన్నెండో రోజు నుంచి నొప్పి లేదు."

"తగ్గుతుందనుకున్నారు, తగ్గింది. నమ్మకంతో కూడా నొప్పి తగ్గుతుందమ్మా."

ఆవిడ తల దించుకుంది. నేనక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ గెలుస్తున్నామని తెలిస్తే నా నోరు ఆగదు.

"బాగా చెప్పారండీ! నన్నే చూడండి. నలభై రోజులుగా గోధుమ ముట్టలేదు. ఏం తగ్గింది నాకు? వారానికి రెండుసార్లు పొట్ట ఉబ్బిపోతోంది!"

డాక్టరు కుర్చీతో సహా నా వైపు తిరిగాడు.

"అసలు ముట్టలేదా?"

"ముట్టలేదు."

"ఒక్క బిస్కట్టు కూడా?"

"వాసనైనా చూళ్లేదండీ."

"ఊహూఁ."

ఈ ఊహూఁ నాకేనని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

"గోధుమ లేకుండానే ఇంత ఉబ్బరమంటే తేలిగ్గా తీసుకోకూడదయ్యా. లోపల ఇంకేదో ఉంది. రేపు పరగడుపున ఆస్పత్రికి వెళ్లు, చీటీ రాసిస్తాను. గొంతులోంచి గొట్టం వేసి చూస్తారు."

"గొట్టమా?"

"సన్నదేలే," అని చిటికెనవేలు చూపించాడు. ఆయన చిటికెనవేలు నా బొటనవేలంత ఉంది. "అందులో ఏమీ తేలకపోతే కిందనుంచి ఇంకోటి."

"కిందనుంచంటే?"

చెప్పాడు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. ఆయన అప్పటికే కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు.

"డాక్టరుగారూ, ఒక్క మాట. మంగళవారం మాత్రం... ఎప్పుడైనా... ఒక బన్ను..."

"ఒకటేనా?"

"నాలుగు."

"మంగళవారమేనా?"

"శుక్రవారం కూడా."

మా ఆవిడ వైపు చూసే ధైర్యం లేక గోడ మీది క్యాలెండరు చూశాను. అరుపు వినపడుతుందనుకుంటే కాగితాల చప్పుడు వినపడింది. ఆవిడ నోటుపుస్తకం తెరిచి డాక్టరు ముందు పెట్టింది. పేజీకి నిలువుగా రెండు గడులు. ఒకదాని పైన 'నేను' అని, రెండోదాని పైన 'ఆయన' అని ఉంది. ఆయన గడిలో ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం ఎర్ర సిరాతో, 'బన్నులు నాలుగు. సాయంత్రం ఉబ్బరం' అని రాసి ఉంది.

"నీకు తెలుసా!" అన్నాను.

"మొదటి వారమే తెలిసింది. మీ చొక్కా జేబులో బన్ను పొడి, నాలుగని రాసిన బేకరీ చీటీ."

"మరి అడగలేదేం?"

"అడిగితే మానేస్తారు కదా! గోధుమ మానేసినవాళ్లు ఒకరుంటే, తింటున్నవాళ్లు ఇంకొకరుండాలి. ఒకే ఇల్లు, ఒకే వంట, ఒకే నీళ్లు. లేకపోతే దేంతో పోల్చి చూస్తానండీ?"

నలభై రోజులు ఆవిణ్ణి మోసం చేస్తున్నానని మురిసిపోయాను. ఆవిడేమో నన్ను ప్రయోగశాలలో కప్పలా వాడుకుంది. పొట్ట కొయ్యలేదు, అదొక్కటే తేడా.

డాక్టరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాడు. చదివి, "ఊఁ," అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం ఆ క్లినిక్‌లో అదే మొదటిసారి అయ్యుంటుంది.

"అయినా నేను నమ్మనమ్మా," అన్నాడు వెంటనే. "ఒకేసారి నాలుగు బన్నులు మింగితే ఎవరి పొట్టయినా ఉబ్బుతుంది. కానీ మీ సంగతి తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. రక్తపరీక్ష చేయించాలి. చిక్కేమిటంటే, గోధుమ పడుతుందో పడదో, అది తింటూ ఉంటేనే అందులో తెలుస్తుంది. ఆరు వారాలు రోజూ రెండు బ్రెడ్డు ముక్కలు తిని రండి. భరించలేకపోతే ఆపేసి వెంటనే నా దగ్గరికొచ్చెయ్యండి."

నా ప్రాణం లేచొచ్చింది. బ్రెడ్డు ఇంటికి తిరిగొస్తోంది!

"తప్పకుండానండీ! పాపం ఒక్కతే ఏం తింటుంది? తోడుగా నేనూ తింటాను."

"అదెలా కుదురుతుందండీ?" అంది మా ఆవిడ. "నేను తింటున్నప్పుడు మీరు మానెయ్యాలి. తిరగేసి చెయ్యకపోతే ప్రయోగం సగమే అయినట్టు."

"ఊఁ," అన్నాడు డాక్టరు మళ్లీ. "రోజూ సాయంత్రం ఆయన నడుం కొలిచి రాయండమ్మా. కింద బేకరీ అతనికి నేను చెబుతాలే."

అలా మొదలైంది నా కష్టకాలం. నా ఎదురుగా కూర్చుని, నా బ్రెడ్డుకి నా వెన్న రాసుకుని ఆవిడ తింటుంటే, నేను బియ్యప్పిండి ముక్కని నీళ్లలో నానబెట్టుకునేవాణ్ణి. అంచు ముక్కైనా ఇమ్మన్నాను. ఇవ్వలేదు.

తొమ్మిదో రోజు ఆవిడ స్కూలు నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా సోఫాలో వాలిపోయింది. మొహం పాలిపోయింది. వేడినీళ్ల సంచీ తెచ్చిచ్చాను. మూడేళ్లలో నేనాపని చెయ్యడం అదే మొదలు. నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది.

"మానెయ్. డాక్టరు దగ్గరికి ఇప్పుడే పోదాం," అన్నాను.

"ఇంకొన్నాళ్లు ఆగగలనండీ. నొప్పొస్తుంటే ఒక పక్క సంతోషంగా కూడా ఉంది. ఇన్నాళ్లూ నేను ఊహించుకోలేదన్నమాట."

ఆ సాయంత్రం ప్లేటులో మిగిలిన బ్రెడ్డు ముక్క చూస్తే నాకు తినాలనిపించలేదు. పైకి అనలేదనుకోండి.

చెప్పకూడని సంగతి ఇంకోటుంది. ఈలోగా నా ఉబ్బరం మాయమైంది. ప్యాంటు బొత్తాం దానంతటదే పడుతోంది. ఈ ముక్క బయటపడిందా, నాకు జీవితాంతం బన్ను లేనట్టే. అందుకని టేపు పట్టుకుని ఆవిడ వచ్చినప్పుడల్లా గుండెల నిండా గాలి పీల్చి, పొట్ట ముందుకు తోసి నిలబడుతున్నాను.

నిన్న సాయంత్రం టేపు చుట్టి, నా మొహంలోకి చూసింది. ఒంట్లో నీరసం ఉన్నా కళ్లలో నవ్వు కనిపించింది.

"ఊపిరి వదలండి," అంది.

వదల్లేదు. ఆవిడ కదల్లేదు. టేపు అలాగే పట్టుకుని, తీరిగ్గా రేపటి పాఠం గురించి చెప్పడం మొదలుపెట్టింది. మనిషన్నవాడు ఎంతసేపని బిగబట్టగలడు? వదిలేశాను. టేపు మూడంగుళాలు కిందికి జారింది.

ఆవిడ ఎర్ర కలం మూత తీసింది.