మోదుగులపల్లె మలుపులో సున్నం బాణం

ఆదివారం పొద్దున ఆరింటికి నస్పూర్‌లో ఏడు సైకిళ్ళు బయలుదేరాలి. పత్తి చేన్ల మధ్య ఎక్కుతూ దిగుతూ పోయే దారిలో అరవై కిలోమీటర్లు తిరగాలి. ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర, మోదుగులపల్లెలో, లచ్చయ్య ఇంటి ముందు చాయ్‌కి ఆగాలి. మధ్యాహ్నం అన్నం వేళకు ఇల్లు చేరాలి. భూమన్న వేసిన పథకం ఇదీ. ఇందులో చాయ్ ఒక్కటే అబద్ధం. వీళ్ళొస్తున్నట్టు లచ్చయ్యకు తెలియదు. అసలు భూమన్నా లచ్చయ్యా మాట్లాడుకొని పదకొండేళ్ళయింది.

ఇద్దరూ శ్రీరాంపూర్‌లో ఒకే బాయిలో, ఒకే షిఫ్టులో బొగ్గు తవ్వినవాళ్ళు. లచ్చయ్య ముందే పని మానుకొని, ఊళ్ళో ఉన్న రెండున్నర ఎకరాలు చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. భూమన్న యూనియన్ లీడర్ అయ్యాడు. ఒకనాడు లచ్చయ్య చేను నడుమ ఎవరో సున్నంతో గీతలు గీసి పోయారు. ఊరు భూమన్నను పిలిపించి, ఇవేమిటని అడిగింది. భూమన్నకు తెలియదు. కానీ మైకు పట్టినవాడికి 'తెలియదు' అనే మాట గొంతు దాటి రాదు. అదొక రోగం. మన లీడర్లలో అది లేనివాణ్ణి చూపించండి, దండ వేసి వస్తాను.

"గవి ఉత్త సున్నం గీతలు! ఒక్క వాన పడితే కొట్టుకపోతయ్. ఫికర్ చెయ్యకుండ్రి, పత్తి పెట్టుకోండ్రి" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. పత్తి పూతకొచ్చిన నెలలో కాలువ తవ్వే మిషన్లు దిగాయి. అభ్యంతరాలు చెప్పుకునే గడువు అప్పటికే దాటిపోయింది. లచ్చయ్యకు కాలువ ఒడ్డున అరెకరం మిగిలింది.

ఆ తర్వాత భూమన్న ఆ ఊరి మొహం చూడలేదు. రెండేళ్ళ కింద లచ్చయ్య భార్య పోతే, దినాలకు పోదామని బస్టాండు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. సిగ్గు. ఇప్పుడు మాఫీ అడగాలి. ఒంటరిగా పోతే తలుపు వేసుకుంటాడేమోనని భయం. ఏడుగురు చెమటలు కక్కుతూ వాకిట్లో నిలబడితే మాత్రం లచ్చయ్య మొహం తిప్పుకోలేడు కదా! పిరికివాడి తెలివి ఎప్పుడూ గుంపును వెంటేసుకొనే పోతుంది.

శనివారం సంపత్ ఒక మాట అడిగాడు. సంపత్ కాలేజీలో లెక్కలు చెప్తాడు, సైకిల్ గుంపుకు ఫోన్ మ్యాపు చూసి దారి చెప్పేది అతనే. "గుట్టల నడుమ సిగ్నల్ ఉండది కాకా. దారి ఎట్ల తెలుస్తది?"

"నువ్వు పరేషాన్ గాకు. మలుపు మలుపుకు బాణం గీసి పెడ్తా" అన్నాడు భూమన్న. ఇంటి గోడలకు వేయగా మిగిలిన సున్నం సంచి తీసి మోపెడ్ మీద పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, గా సున్నం ఎటు?" అంది భార్య అనసూర్య.

"రోడ్డుకు."

"ఎనుక గోడ గట్లనే పెచ్చులూడి ఉన్నది. గీయన రోడ్డుకు సున్నమేస్తడట!"

ఎండ చల్లబడేలోపు భూమన్న పద్దెనిమిది మలుపుల్లో పద్దెనిమిది బాణాలు గీశాడు. ప్రతి బాణం పక్కనా కిలోమీటరు అంకె వేశాడు. లచ్చయ్య ఇంటి గేటు దగ్గర మోపెడ్ ఆపి పిలుద్దామని నోరు తెరిచాడు. మాట రాలేదు. వంగి, బాణం గీసి, 31 అని రాసి, బండి తిప్పుకొని వచ్చేశాడు.

ఆదివారం మొదటి ఇరవై తొమ్మిది కిలోమీటర్లు అనుకున్నట్టే సాగాయి. ఎక్కుడు వస్తే కుర్రాళ్ళు లేచి నిలబడి తొక్కారు, దిగుడు వస్తే భూమన్న కాళ్ళు ఆపి గాలికి వదిలేశాడు. రెండు పక్కలా పత్తి తెల్లగా విచ్చుకొని ఉంది. మంచు ఇంకా వాగు మీదే ఉంది. లారీ లేదు, బొగ్గు దుమ్ము లేదు. "ఏం దారి పట్టినవ్ కాకా!" అని సంపత్ అరిచాడు. భూమన్న మాత్రం లచ్చయ్యతో అనాల్సిన మొదటి మాటను ఇంకా మారుస్తూనే ఉన్నాడు.

ముప్పయ్యో కిలోమీటరు బాణం మీద ఎవరో పేడనీళ్ళు కుమ్మరించారు. ఆ పక్క మలుపులో రోడ్డుకు అడ్డంగా తుమ్మకంప, కంప వెనక ట్రాక్టర్, ట్రాక్టర్ ముందు ఊరు ఊరంతా కూర్చొని ఉంది. రాస్తా రోకో.

"వచ్చిండ్రు! ఇంజినీర్లు వచ్చిండ్రు!" అని ఒక ముసలమ్మ లేచింది. నెత్తిన హెల్మెట్లు, కళ్ళకు నల్లద్దాలు, సైకిల్ హ్యాండిళ్ళకు ఫోన్లు. ఇంజినీర్లు కాక ఇంకెవరు? సంపత్ తన గుండె ఎంత వేగంగా కొట్టుకుంటున్నదో చూసుకోవడానికి చేతి గడియారం నొక్కాడు.

"గా గడియారంల ఏం రాస్తున్నవ్ బిడ్డా? మా ఇండ్లు లెక్కవెడ్తున్నవా?"

"అమ్మా, ఇది నా గుండె…"

"మా గుండెలు ఆగిపోతున్నయ్, నీ గుండె సంగతి మాకెందుకు?"

ఊరి లెక్క ఇదీ. రోడ్డు మీది ఆ గీతలు రెండో కాలువవి. బాణం చూపించే వైపు కాలువ పోతుంది. 31 అంటే ముప్పై ఒక్క ఎకరాలని ఒకరు, ముప్పై ఒక్క ఇండ్లని ఇంకొకరు. వాదన తెగలేదు గానీ పోయేది పోతుందనే విషయంలో అందరిదీ ఒకటే మాట. నవ్వకండి. సున్నం గీతకు చేను పోగొట్టుకున్నవాడికి సున్నం చూస్తే నవ్వు రాదు.

భూమన్న సైకిల్ దిగి ముందుకొచ్చాడు. పాత అలవాటు, జనం కనిపిస్తే చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. "జర ఇనుండ్రి! ఎవ్వలు భయపడకుండ్రి. గవి ఉత్త సున్నం గీతలు!"

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు.

"ఎవలు? భూమన్ననా?" అంది ముసలమ్మ, దగ్గరికొచ్చి మొహం చూసి. "గప్పుడు గూడ గిదే మాటన్నవ్ గదా నాయనా!"

"ఇగ పక్కా" అన్నాడు ట్రాక్టర్ మీది మనిషి. "భూమన్న ఏం కాదన్నడంటే మన భూములు పోయినట్టే!"

"అరే, నేనే గీసిన! గా బాణాలు నేనే గీసిన!" అని భూమన్న గొంతు చించుకున్నాడు.

"చూసిండ్రా, ఒప్పుకున్నడు! గప్పుడు ఒట్టి మాట చెప్పిండు. గిప్పుడు కొలతలే వెడ్తుండు!"

ఏడు సైకిళ్ళూ ట్రాక్టర్ ట్రాలీలోకి ఎక్కాయి. అందులో మిగిలిన కంపల మీద సంపత్ సైకిల్ పడింది. అతను కళ్ళు మూసుకున్నాడు.

ఎవరో ఫోన్ చేస్తే పదింటికి రెవెన్యూ ఆఫీసు గిర్దావర్ వచ్చాడు. ఆదివారం పూట లుంగీలోంచి ప్యాంటులోకి మారిన కోపం అతని మొహంలోనే ఉంది. "మా ఆఫీసుల ఏ సర్వే లేదు" అన్నాడు.

"రాసియ్యి సారూ" అంది ఊరు.

"లేనిదాని మీద ఏమని రాసియ్యాలె? మీరే దరఖాస్తు ఇయ్యుండ్రి, పైకి పంపుత."

సంపత్ అక్షరం బాగుందని అతని చేతనే రాయించారు. తాము చెయ్యని సర్వే మీద విచారణ జరిపించాలని కోరుతూ తనే దరఖాస్తు రాసి, సాక్షిగా సంతకం కూడా చేశాడు పాపం. నూటరెండు వేలిముద్రలు పడ్డాయి. గిర్దావర్ కాగితం మడిచి జేబులో పెట్టుకొని వెళ్ళిపోయాడు.

ఇంతసేపూ లచ్చయ్య కనిపించలేదు. భూమన్న వెతుక్కుంటూ పోతే, తన ఇంటి ముందరి గద్దె మీద పత్తి ఏరుతూ కూర్చొని ఉన్నాడు. తల ఎత్తలేదు.

"లచ్చన్నా, గవి సైకిళ్ళ కోసం గీసిన బాణాలురా" అన్నాడు భూమన్న, గేటు బయటి నుంచే.

"ఎరుకే. నిన్న నువ్వు గీస్తుంటే చూసిన."

"చూసినవా? మల్ల ఊరోళ్ళకు చెప్పకపోతివి?"

"చెప్పిన. భూమన్న గీసిండు, ఏం లేదు, పోండ్రి అన్న. భూమన్న గీసిండా అని గప్పుడు కంపలు కొట్టుకొచ్చిండ్రు."

భూమన్న గేటు పట్టుకొని నిలబడిపోయాడు. రాత్రంతా వల్లించుకొచ్చిన మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "మాఫ్ చెయ్యరా. నీ చేను నా నోటి వల్ల పోయింది" అన్నాడు.

"నీ నోటి వల్ల ఎందుకు పోతది? నీ నోరుకు గంత బలముందా?" అన్నాడు లచ్చయ్య. చేతిలో పత్తి చేతిలోనే ఉంది. "కాలువ ఎట్లైన వచ్చుడే. నాకు ఎరుక లేదురా లచ్చన్నా అని ఒక్క మాటంటే నేనే ఆఫీసుకు పోయి అడుక్కుందును. పత్తి గింజలు పెట్టకపోదును. ఇగ మా ఆమె పోయిన్నాడు… గదీ పోనీ. నిన్న గీడికొచ్చి, నోరు తెరిచి, గీత గీసి పోయినవ్ సూడు. పిలుస్తవని లేచి నిలబడ్డనురా నేను."

భూమన్న గేటు వదిలి చేతులు జోడించాడు.

"గిప్పుడు ఏం జెయ్యమంటవ్?"

"నాకేం చెప్తవ్? గాళ్ళకు చెప్పు పో."

భూమన్న మళ్ళీ ట్రాక్టర్ దగ్గరికి నడిచాడు. ఈసారి చెయ్యి లేవలేదు. "గప్పుడు గా గీతలు ఏందో నాకు తెల్వదు. తెల్వకుంటనే తెలిసినట్టు చెప్పిన. తప్పు నాదే. గిప్పుడు గీసినయి మాత్రం సైకిళ్ళు దారి తప్పకుండ గీసినయి" అన్నాడు.

ముసలమ్మ ట్రాక్టర్ వైపు తిరిగింది. "గీ మాట నిజమే ఉన్నట్టున్నది" అంది. "లీడర్ తెల్వదన్నడంటే అబద్ధం ఎట్లయితది?"

ఎవరో నవ్వారు. కంప తీశారు. సైకిళ్ళు ఒక్కొక్కటీ కిందికి దిగాయి. సంపత్ సైకిల్‌కు రెండు టైర్లూ పోయాయి, ముళ్ళు ఏరడానికి నలుగురు కూర్చున్నారు. భూమన్న గిర్దావర్‌కు ఫోన్ చేసి, దరఖాస్తు వాపస్ ఇమ్మని బతిమాలాడు. పైకి పోయిన కాగితం కిందికి రాదని గిర్దావర్ చెప్పాడు.

పోయేముందు లచ్చయ్య చెంబుతో నీళ్ళు తెచ్చి గేటు మీదుగా అందించాడు. గేటు తియ్యలేదు. "తాగు. మాఫీ ముచ్చట మల్ల సూద్దాం. వచ్చేటప్పుడు గుంపుతోని రాకు" అన్నాడు. భూమన్న నీళ్ళు తాగి, చెంబు తిరిగిచ్చి, బాణాలు తుడవడానికి చీపురు అడిగి తీసుకున్నాడు. పద్దెనిమిది మలుపులూ కడిగేసరికి సాయంత్రమైంది. నడుము విరిగింది, మనసులో బరువు మాత్రం అట్లాగే ఉంది.

ఇరవై రోజుల తర్వాత, మోదుగులపల్లెలో సర్వే ఏదీ జరగలేదని తేల్చడానికి ఆఫీసు నుంచి ఇద్దరు సర్వేయర్లు వచ్చి, చేను చేనుకూ సున్నం గీతలు గీసి పోయారు.