ఉప్మాకి సున్నా

శనివారం పొద్దున్న యోగానంద్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. కాఫీ తాగాలి, కూతురి స్కూలు ప్రాజెక్టు జోలికి వెళ్ళకూడదు. మొదటిది సులువుగానే అయిపోయింది.

రెండోదానికి వెనక కథ ఉంది. అంకెలు పోగేసి గ్రాఫులు గీయడమే కెనడాలోని మిస్సిసాగాలో అతని ఉద్యోగం. కిందటి నెలలో, మూడో తరగతి చదివే ధాత్రికి వాతావరణం మీద గ్రాఫు గీయమంటే, అయ్యగారే ఆఫీసు లెవెల్లో గీసిచ్చారు. "చాలా బాగుంది. ఈసారి ధాత్రి గీసింది కూడా చూడాలని ఉంది" అని టీచరు రాసి పంపింది. పిల్ల రెండు రోజులు తండ్రితో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ అతనికి అన్నం సయించలేదు.

ఈసారి పదిమందిని ఒకే ప్రశ్న అడిగి, జవాబులు లెక్కపెట్టి, సోమవారానికి బార్ గ్రాఫు తేవాలి. ధాత్రి ప్రశ్న తనే ఎంచుకుంది: మీకు ఏ టిఫిన్ ఇష్టం?

"పదిమందితో ఏం తెలుస్తుంది తల్లీ? శాంపుల్ చాలదు," అన్నాడు యోగానంద్.

"టీచర్ సెడ్ టెన్, నాన్నా. దిస్ ఈజ్ మై ప్రాజెక్ట్."

"నీదేనమ్మా. నేను గ్రాఫు ముట్టుకోను. మనుషుల్ని పోగేసి పెడతాను, అంతే."

ధాత్రి కాసేపు అనుమానంగా చూసి, "ఓన్లీ పీపుల్," అంది.

అతను ఫోన్లో, తాముండే మిల్టన్ ఊరి తెలుగు వాళ్ళ వాట్సాప్ గ్రూపు తెరిచి, 'సర్వే' అని మొదలుపెట్టి, ఆ మాట కొట్టేశాడు. సర్వే అంటే జనం తప్పించుకుని తిరుగుతారని అతనికి పదేళ్ళ అనుభవం. చివరికి ఇలా పంపాడు: "మా ధాత్రి కోసం, ఆదివారం పొద్దున్న తొమ్మిది లోపు, మీకిష్టమైన టిఫిన్ చెప్పండి. ఇడ్లీ, దోసె, పెసరట్టు, ఉప్మా."

పది నిమిషాల్లో ఇరవై జవాబులొచ్చాయి. ఆఫీసులో ఏ సర్వేకీ ఇంత ఆదరణ చూసి ఎరగడు. గ్రూపులో పెద్దాయన భీమారావు గారు ఏకంగా ఫోనే చేశారు.

"పిల్లలతో సహానా యోగానంద్?"

"అందరూ ఉండాలి సార్. లేకపోతే లెక్క సరిగ్గా రాదు."

"ఏమైనా తెమ్మంటావా?"

"మీ అభిప్రాయం చాలండి."

"ఎంత మర్యాదయ్యా నీకు," అని మురిసిపోయి, "పాత ఇల్లేగా?" అన్నారాయన.

"అదే ఇల్లండి," అన్నాడు యోగానంద్, ఆయన క్షేమం అడుగుతున్నారనుకుని. రాత్రికి లెక్క నలభై ఒకటి తేలింది. దోసె పంతొమ్మిది, పెసరట్టు పదమూడు, ఇడ్లీ తొమ్మిది, ఉప్మా సున్నా.

ఆదివారం ఎనిమిదిన్నరకి బెల్లు మోగింది. తలకి నూనె పెట్టుకుని కూర్చున్న అతని భార్య వాసవి వెళ్ళి తలుపు తీసింది. భీమారావు గారు కుటుంబంతో సహా, చేతిలో రంగుకాగితం చుట్టిన పెట్టెతో నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక గ్రూపులోని శ్రీరామ్ వాళ్ళు, ఆ వెనక వీధి మలుపు దాకా కార్లు.

"బర్త్‌డే పిల్ల ఏదమ్మా?" అన్నారు భీమారావు గారు.

ధాత్రి పుట్టింది మార్చిలో. ఇది అక్టోబరు. వాసవి నవ్వు చెదరకుండా అందర్నీ కూర్చోబెట్టి, మొగుణ్ణి వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఏం చేశారు?"

"సర్వే చేశానే."

"సర్వేకి గిఫ్టులు తెస్తారా?" అని ఫోను లాక్కుని ఆ మెసేజి చదివింది. "ఇందులో సర్వే ఎక్కడుందండీ? ఇది పిలుపు."

"పొరపాటైందని చెప్పేస్తాను."

"ఇంటికొచ్చిన వాళ్ళని టిఫిన్ పెట్టకుండా పంపిస్తారా? మాట్లాడకుండా ఉల్లిపాయలు తరగండి."

ఇంట్లో ఉన్న దోసెల పిండి ముగ్గురికి సరిపోతుంది. నలభై ఒక్క మందికి సరిపోయేది ఒక్కటే, సేల్‌లో కొన్న పది పౌండ్ల బొంబాయి రవ్వ. పెసరట్టు అడిగిన వాళ్ళకి కనీసం పెసరట్టులోకి పెట్టే ఉప్మా దక్కింది. మిగిలిన వాళ్ళకి ఆ మాత్రం న్యాయం కూడా జరగలేదు.

"బ్రహ్మాండంగా ఉందమ్మా. అసలు నేను ఉప్మాయే అడుగుదామనుకున్నా," అన్నారు భీమారావు గారు.

పక్కనే జవాబుల కాగితం పట్టుకుని నిలబడ్డ ధాత్రి అందులో వెతికి చూసింది. "నో అంకుల్. యూ సెడ్ దోసె."

ఆయన ఇంకో ముద్ద పెట్టుకుని కిటికీలోంచి కార్ల వైపు చూశారు. ధాత్రి ఏదో రాసుకుంది.

అందరూ వెళ్ళేసరికి పన్నెండైంది. గిఫ్టులన్నీ మార్చిలో విప్పుదామని వాసవి అలమరలో పెట్టేసింది. యోగానంద్ సింకు దగ్గర నిలబడితే సాయంత్రం దాకా కదల్లేదు. మధ్యలో ఒక్కసారి మెడ సాచి చూశాడు. ధాత్రి నేల మీద పడుకుని, ఒక్కో టిఫిన్‌కీ రెండేసి నిలువు పట్టీలు గీస్తోంది. ఒకటి జనం అడిగింది, రెండోది తిన్నది. తిన్న ఉప్మా కాగితం పై అంచు దాకా పోయింది. ఆ ఆలోచన తనకి రానందుకు అతనికి కొంచెం అసూయ వేసింది.

"తల్లీ, ఆ రంగులు..." అన్నాడు.

"గిన్నెలు," అంది వాసవి.

ధాత్రి తలెత్తి, "అమ్మా, నోబడీ ఆస్క్డ్ యూ," అంది.

సోఫాలో కాళ్ళు చాపుకున్న వాసవి కళ్ళు తెరవలేదు. "ఇంకొకళ్ళు చేసిపెడితే ఉప్మా అయినా ఇష్టమే నాకు."

ధాత్రి ఉప్మా సున్నాని చెరిపేసి ఒకటి వేసింది.

సోమవారం టీచరు ఆ గ్రాఫు చూసి, మీ నాన్న ఏమైనా సాయం చేశారా అని అడిగిందట. "నో, హి వాజ్ బిజీ విత్ డిషెస్," అందట ధాత్రి. సాయంత్రం గ్రాఫు చివర టీచరు రాసిన మాటలు తనే తండ్రికి చదివి వినిపించింది: "ఇది పూర్తిగా ధాత్రి పని. నాన్నగారికి కృతజ్ఞతలు." చదివి, ఈసారి వచ్చి అతని పక్కనే కూర్చుంది.

వచ్చే ఆదివారం ఉప్మా ఎవరు చేయాలన్న విషయం మీద ఆ ఇంట్లో సర్వే అవసరం పడలేదు.