ముక్కు బరువు

"ఇంట్లో ఉన్న క్లిప్పులన్నీ ఆ రెక్కకే పెట్టేస్తే, ఉతికిన బట్టల్ని దండెం మీద నేను చేత్తో పట్టుకుని నిలబడాలా?" అని ఆదివారం పొద్దున్నే ఇల్లాలు నిలదీసేసరికే ఆ గొడవ బాగా ముదిరిపోయి ఉంది.

క్లిప్పులు లేని దుప్పటి ఒకటి గాలికి లేచి పక్కింటి డాబా మీద వాలడంతో మొదలైంది అది. అక్కణ్ణుంచి ఇస్త్రీ పెట్టె మీదకి వెళ్లింది. రెక్కకి పైన అతికించే ఎర్రటి ప్లాస్టిక్ పొరని ఆయన ఇంట్లో ఇస్త్రీ పెట్టెతోనే అతికించాడు. ఆ ఎరుపు కాస్తా పెట్టె అడుక్కి అంటుకుని, తర్వాత కూతురి తెల్ల చొక్కా వీపు మీదకి చేరింది. కూతురు ఆ చొక్కా వేసుకునే కాలేజీకి వెళ్లొచ్చింది కూడా. ఎవరూ చెప్పలేదుట.

"జిగురు ఆరేదాకా రెక్కని కదలకుండా పట్టి ఉంచాలోయ్. లేకపోతే వంకర పోతుంది" అన్నాడు ఆయన, ఒక్కొక్క క్లిప్పూ సుతారంగా ఊడదీస్తూ.

"పోతే పోయింది! ఇల్లంతా ఇప్పటికే వంకర పోయింది. ఆ వెనక గది చూడండి. అడుగుపెడితే చెక్కముక్క, చెయ్యిపెడితే జిగురు. నా కుట్టు మిషను మెట్ల కింద మూలుగుతోంది. పది మందికి కుట్టుపని నేర్పుకుందామంటే ఈ ఇంట్లో నాకు గది లేదు. దానికుంది!"

దానికి అంటే విమానానికి. ఆయన వారమంతా ఇన్సూరెన్స్ ఆఫీసులో నోరు మెదపకుండా ఫైళ్లు చూసుకునే మనిషి. ఆదివారం వస్తే మాత్రం రిమోట్‌తో ఎగిరే బుల్లి విమానాలు కట్టడం తప్ప ఇంకో ధ్యాస ఉండదు. వీధిలో అందరూ ఆయన్ని పైలట్ అనే పిలుస్తారు. అది వెక్కిరింత అని ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

ఈ గది గొడవ మాటలతో తెగేది కాదని, కిందటి ఆదివారమే ఇద్దరూ ఒక పందేనికి ఒప్పుకున్నారు. ఈ ఆదివారం విమానం ఎగిరి, చెక్కు చెదరకుండా దిగిందా, వెనక గది ఇక ఆయనది. ముక్కలైందా, సామానంతా అటకెక్కుతుంది, గది ఆమెది. అటో ఇటో ఈ పూటతో తేలిపోవాలి.

ఆమెకి మాత్రం ఎప్పుడో తేలిపోయింది. ఇంతకుముందు కట్టిన విమానాలన్నీ మైదానానికి కారు డిక్కీలో వెళ్లి, ఇంటికి చేతిసంచిలో తిరిగొచ్చాయి. అందుకే ఎవరికీ చెప్పకుండా, కుట్టుపని నేర్చుకుంటామన్న ఎదురువీధి నర్సునీ ఆమె స్నేహితురాళ్లనీ గది చూసుకోవడానికి రమ్మంది. "పొద్దున్న ఒక చిన్న పనుంది, అవగానే వచ్చేస్తా" అని కూడా చెప్పింది. ఆ చిన్న పని, విమానం కూలడం.

సాక్షిగా ఆమె, కొడుకు మీద నమ్మకంతో అత్తగారు, వీడియో తియ్యడానికి కూతురు, ఇంటికి తాళం వేసి అందరూ కారెక్కారు. క్లిప్పుల గొడవలో చెవులు గింగిర్లెత్తి ఉన్న ఆయన, విమానం ముక్కులో బరువుకని ఫ్రిజ్ మీద పెట్టుకున్న సీసం బిళ్లల్ని అక్కడే వదిలేశాడు.

ఆ సంగతి మైదానంలో బయటపడింది. అక్కడ విమానాలు ఎగరేసేవాళ్లకి పెద్దదిక్కు ఒక రిటైరైన పళ్ల డాక్టరు. అందరూ ఆయన్ని కెప్టెన్ అంటారు. ఎవరి విమానమైనా ముందు ఆయన చేతి మీదుగా వెళ్లాల్సిందే. కెప్టెన్ రెండు చూపుడు వేళ్లూ రెక్కల కింద ఆనించి విమానాన్ని పైకెత్తాడు. ముక్కు ఆకాశంకేసి లేచింది. తోక వేలాడింది.

"తోక బరువైంది" అన్నాడు కెప్టెన్, పన్ను పుచ్చిపోయిందని చెప్పే గొంతుతో. "ఇలాగే వదిలితే పైకి లేచి, వెనక్కి వాలి, తిన్నగా మన నెత్తిమీద దిగుతుంది. ముక్కులో బరువు పెట్టాలి. తెచ్చారుగా?"

ఇంటాయన జేబులు తడుముకున్నాడు. రెండోసారి తడుముకున్నాడు. మొహం పాలిపోయింది.

ఇల్లాలి మొహం మాత్రం వెలిగిపోయింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగడంతో, చేతిలో ఉన్న హ్యాండ్‌బ్యాగ్‌ని అత్తగారి ఒళ్లో పెట్టి ఆమె పక్కకి వెళ్లింది. "వస్తున్నామండీ" అంటోంది నర్సు. "రండి, రండి. ఇక్కడ దాదాపు అయిపోయినట్టే" అంది ఆమె హుషారుగా.

మడతకుర్చీలో కూర్చున్న అత్తగారికి కొడుకు పాలిపోయిన మొహం కనిపించింది. ఒళ్లో ఉన్న బ్యాగు బరువు కూడా తెలిసింది. జిప్పు తీసి లోపల చెయ్యి పెట్టారు. చేతికి దొరికిందాన్ని చేతిరుమాల్లో మూటకట్టి, "ఇది సరిపోతుందేమో చూడు నాన్నా" అని కొడుక్కి ఇచ్చారు.

అమ్మ ఇచ్చింది కదా అని అందులో ఏముందో ఆయన అడగలేదు. ముక్కు పైమూత తీసి, బ్యాటరీ ముందు ఆ మూటని కుక్కి, టేపు చుట్టాడు. కెప్టెన్ మళ్లీ రెండు వేళ్ల మీద ఎత్తాడు. విమానం త్రాసు కాడలా అటూ ఇటూ వాలకుండా సమంగా నిలిచింది.

"అద్భుతం! తూచి తెచ్చినట్టుంది" అన్నాడు కెప్టెన్.

ఇల్లాలు ఫోను పెట్టేసి వచ్చేసరికి విమానం గడ్డి మీద పరుగు తీస్తోంది. ప్రొపెల్లర్ జుయ్యిమంటోంది. ఇదిగో పడుతుంది, అదిగో పడుతుంది అని ఆమె చూస్తుండగానే చక్రాలు నేలని వదిలేశాయి. ఎర్రటి రెక్కలు ఎండలో తళుక్కుమన్నాయి. గోల్‌పోస్టు దాటి, చెట్ల చివర్లు దాటి, అది పైపైకి వెళ్లిపోయింది. నడకకి వచ్చినవాళ్లు ఆగిపోయారు. బంతాట ఆడేవాళ్లు బంతిని వదిలేశారు. కూతురు ఫోను పైకెత్తి "నాన్నా! సూపర్!" అని గెంతుతోంది.

ఇల్లాలి గుండె కూడా ఒక్కసారి గెంతింది. వెంటనే దాన్ని కూర్చోబెట్టింది. మళ్లీ ఫోను.

"మీ గుమ్మం ముందే ఉన్నామండీ, తాళం వేసుంది" అంది నర్సు. "నాకు డ్యూటీకి టైమవుతోంది."

"అయిదే అయిదు నిమిషాలు. నేనొక్కదాన్నే వచ్చేస్తున్నా" అని ఆమె అత్తగారి ఒళ్లోంచి బ్యాగు తీసుకుంది. వెతికింది. బోర్లించింది. దువ్వెన పడింది, మాత్రల అట్ట పడింది, కొలతల టేపు పడింది.

"అత్తయ్యా, తాళాలేవి?"

"తాళాలా? మంచి బరువున్నాయని వాడికిచ్చానమ్మా."

"ఇస్తే? ఎక్కడున్నాయి?"

అత్తగారు మాట్లాడకుండా చూపుడు వేలు పైకెత్తి చూపించారు.

ఇంటి తాళం, బీరువా తాళం, వెనక గది తాళం, కారు తాళం, అన్నీ ఆకాశంలో హాయిగా తిరుగుతున్నాయి. మైదానం చివర కాలువ ఉంది. నిండుగా పారుతోంది. విమానం ఆ కాలువ మీదుగానే మలుపు తిరిగింది.

"ఏవండీ..." అని ఆమె నోరు తెరిచేలోపు అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"వాడికి చెప్పకే తల్లీ! చిన్నప్పుడు గ్లాసు పట్టుకెళ్తుంటే జాగ్రత్త అన్నామంటే చాలు, అక్కడే వదిలేసేవాడు. మెచ్చుకో. మెచ్చుకుంటే వాడు ఏ పనైనా బాగా చేస్తాడు."

పొద్దుటి నుంచీ ఎప్పుడు కూలుతుందా అని చూస్తున్న మనిషి, ఇప్పుడు గొంతు సవరించుకుంది. పెళ్లయినప్పటినుంచీ పలకని మాటొకటి బయటికొచ్చింది.

"ఏవండీ! ఎంత బాగా ఎగరేస్తున్నారండీ!"

ఆయన ఉలిక్కిపడ్డాడు. రిమోట్ మీద వేళ్లు వణికాయి, విమానం కూడా వణికింది. "నిజంగానా?" అన్నాడు కళ్లు పైనుంచి తిప్పకుండా.

"నిజం! అచ్చం పక్షిలా ఉంది. దాన్ని పడనివ్వకండి! ఎంత ముద్దుగా ఉందో!"

ఆ మాటలకి ఆయన ఛాతీ ఉబ్బింది. ఇరవై ఏళ్లుగా ఇంట్లో దొరకని మెప్పు ఒక్కపూటలో కుంభవృష్టిలా పడుతుంటే ఏ మనిషి తిన్నగా ఎగరేస్తాడు? "అయితే ఇది చూడు!" అని ఆయన రిమోట్ మీది పుల్ల వెనక్కి లాగాడు. విమానం నిట్టనిలువుగా లేచి, వీపు తిరిగి, తలకిందులై, ఆకాశంలో పెద్ద సున్నా చుట్టింది. అందులో తాళాలు కూడా తలకిందులయ్యాయన్న సంగతి ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు నలిపేసుకున్నారు.

జనం చప్పట్లు కొట్టారు. ఇల్లాలు "వద్దండీ! అలాంటివి వద్దు! అది నాకు క్షేమంగా కావాలి!" అని అరిచింది.

"చూశారా కెప్టెన్, మా ఆవిడకి దాని మీద ఎంత ప్రాణమో" అన్నాడు ఆయన గద్గదంగా.

అంతలో రిమోట్ కీచుమని కూయడం మొదలెట్టింది. బ్యాటరీ అయిపోవస్తోంది. గాలి కూడా పెరిగింది. "ఇక దింపండి. కావాలంటే నాకివ్వండి, నేను దింపుతా" అని కెప్టెన్ చెయ్యి చాపాడు.

"లేదు సార్. మా ఆవిడ చూస్తోంది."

విమానం దూరంగా తిరిగి, ముక్కు వీళ్లవైపు పెట్టి కిందికి రాసాగింది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. వెళ్లేటప్పుడు మన కుడే దాని కుడి. ఎదురుగా వచ్చేటప్పుడు దాని కుడి మనకి ఎడమ అయిపోతుంది. గాలి విమానాన్ని కాలువవైపు నెట్టింది. ఆయన సర్దబోయి ఇంకా కాలువవైపే తిప్పాడు.

"కుడికండీ, కుడికి!" అని ఇల్లాలు కేకేసింది.

"ఎవరి కుడికి?" అని అరిచాడు ఆయన.

"నా కుడికి!"

"ఎటు వాలుతుంటే పుల్ల అటే నెట్టండి!" అని కెప్టెన్ కేక పెట్టాడు. ఆయన నెట్టాడు. రెక్కలు సమంగా నిలిచాయి. మోటారు ఆగిపోయింది. ఎర్ర విమానం కాలువ నీళ్ల మీద తన నీడని చూసుకుంటూ, గట్టు మీది గడ్డిని తాకి, ఎగిరిపడి, మళ్లీ తాకి, ఒక చక్రం నీళ్ల పైకి వేలాడేసి ఆగింది.

ఆయన కన్నా ముందు ఇల్లాలు పరుగు తీసింది. చెప్పు ఒకటి దారిలో ఊడిపోయింది, ఆగలేదు. విమానాన్ని రెండు చేతులా ఎత్తి గుండెలకి హత్తుకుంది. నడకకి వచ్చిన పెద్దావిడ ఒకరు అది చూసి కళ్లు తుడుచుకున్నారు. వీపు అందరివైపు తిప్పి, మూత తీసి, టేపు చించి, తాళాల మూటని ఆమె బ్యాగులో వేసుకున్నది మాత్రం ఎవరికీ కనిపించలేదు.

రొప్పుతూ వచ్చిన ఆయన విమానాన్ని అంగుళం అంగుళం తడిమి చూశాడు. ఒక్క గీత కూడా పడలేదు. పందెం ఆయన గెలిచాడు. ఆ ముక్క ఆయన పైకి అనలేదు, ఆమె మొహమే చూస్తూ ఉండిపోయాడు. కారు తాళం ఆమె బ్యాగులోంచే తీసిస్తే, అందుకుని బండి నడిపాడు.

ఇంటి గుమ్మం ముందు నర్సూ, స్నేహితురాళ్లూ ఇంకా ఉన్నారు. ఆమె తలుపు తీసి, వెనక గది తీసింది. చెక్కపొట్టూ, జిగురు డబ్బాలూ, ఎర్ర పొర కత్తిరింపులూ చూసి వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. "ఈ గది ఇక ఖాళీ అవదండీ. శ్రమ పెట్టాను, ఏమనుకోకండి" అంది ఇల్లాలు మెల్లగా. మాట ఇచ్చింది, తప్పదు. వాళ్లు తనని అభినందించడానికే వచ్చారనుకుని, ఆయన విమానాన్ని చంకన పెట్టుకుని గేటు దాకా వెళ్లి సాగనంపాడు. ఆమె కొలతల టేపుని చుట్ట చుట్టి సొరుగులో పడేసి, బియ్యం కడగడానికి వెళ్లింది.

భోజనాల దగ్గర కూతురు వీడియో పెట్టింది. అందులో విమానం కన్నా అమ్మ గొంతే ఎక్కువ వినిపిస్తోంది. ఎంత బాగా ఎగరేస్తున్నారండీ. పడనివ్వకండి. అది నాకు క్షేమంగా కావాలి. ఆయన ఆ ముక్కని మళ్లీ వేయించుకున్నాడు. ఇంకోసారి వేయించుకున్నాడు. అత్తగారు పళ్లెంలోంచి తలెత్తలేదు.

ఫోను పక్కన పెట్టి ఆయన గొంతు తగ్గించి, ఆఫీసులో కూడా ఎన్నడూ లేనంత మర్యాదగా అన్నాడు.

"అందరూ వినండి. నేనొక నిర్ణయం తీసుకున్నాను. పందెం నేనే గెలిచాను. అయినా వెనక గది నీకే ఇచ్చేస్తున్నాను. మిషను మధ్యాహ్నమే అక్కడ పెట్టిస్తా. రేపట్నుంచే క్లాసులు మొదలుపెట్టుకో."

ఇల్లాలి చేతిలో గరిటె ఆగిపోయింది. పొద్దుటి నుంచీ ఆయన్ని అన్న మాటలన్నీ గుర్తొచ్చి, ఆయన కంచంలో ఇంకో గరిటె కూర వేసింది.

"మరి మీ విమానాలండీ?"

"అదే చెబుతున్నా. విమానమంటే ఇంత ప్రాణం పెట్టుకున్న మనిషిని వంటింట్లో వదిలేసి, నేనొక్కణ్ణే ఆ మూల గదిలో తలుపేసుకుని కడుతూ కూర్చోవడం తప్పు కాదూ? అందుకని ఇక మన పడగ్గదిలోనే కడతాను. నీ కళ్లముందే. ఈసారి రెండు మోటార్లది."

కూతురు మంచినీళ్ల కోసం లేచి వెళ్లిపోయింది. అత్తగారు "మంచి మాటన్నావు నాయనా" అని పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నారు. ఇల్లాలు అత్తగారివైపు చూసింది, ఆయనవైపు చూసింది, తాళాలున్న బ్యాగువైపు చూసింది. నిజం చెప్పాలంటే ఇప్పుడే చెప్పాలి. చెబితే గది పోతుంది.

"అలాగేనండీ" అంది.

సాయంత్రం ఆయన గీసిన నమూనా కాగితం మంచం మీద పరిచి కొలిచి చూస్తే, కొత్త విమానం రెక్క మంచం కన్నా జానెడు పొడుగుంది.